దుంగల క్యాబిన్ రూపాన్ని తేల్చేవి: లారీ, చూరు, చీపురు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే అడవి విడిది ఉంది. 2024 జులై 1న అక్కడ కొత్త క్యాబిన్లు తెరిచారు. దుంగలు పేర్చినట్టు కనిపించే పాత క్యాబిన్ల స్థానంలో పెద్ద కిటికీలతో, నున్నటి గోడలతో 350కి పైగా క్యాబిన్లు వచ్చాయి. పాతవాటిని ఇష్టపడ్డవాళ్లు అడవి ఇల్లు పోయి డబ్బా వచ్చిందని గొణిగారు. కొత్తవి నచ్చినవాళ్లు వెలుతురు బాగుందన్నారు. ఇదంతా అభిరుచి తగవులా కనిపిస్తుంది. కానీ ఇలాంటి పునర్నిర్మాణంలో డిజైనర్ పెన్సిల్ పట్టుకునేలోపే సగం నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ఇల్లు ఏ లారీ మీద వస్తుంది, వాన ఎటు పోతుంది, గది ఊడ్చడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది అన్న మూడు లెక్కలు తెలిస్తే ఆ డబ్బా ఆకారం ఎక్కడిదో అర్థమవుతుంది.

ముందుగా ఒక అపోహ. పాతవి కూడా నిజమైన దుంగల ఇళ్లు కావు. ఫోర్ట్ వైల్డర్‌నెస్ 1971 నవంబర్ 19న సుమారు 750 ఎకరాల్లో, ప్రధానంగా గుడారాలు, బళ్లు నిలుపుకునే చోటుగా మొదలైంది. గుడారం లేనివాళ్లకు మొదట్లో ట్రైలర్ ఇళ్లు అద్దెకిచ్చేవారు. 1990ల చివర్లో వాటిని తీసేసి, దుంగల వేషం వేసిన 504 చదరపు అడుగుల ఫ్యాక్టరీ ఇళ్లు పెట్టారు. ఆ విడిదిలో అసలైన దుంగల కట్టడం చూడాలంటే 1974లో తెరిచిన పయొనీర్ హాల్‌కి వెళ్లాలి. దానికి దుంగలు మోంటానా నుంచి తెచ్చారు. అంటే క్యాబిన్లలో మారింది వేషమే. లోపలి ఎముకలు మొదటినుంచీ లారీ మీద వచ్చినవే.

ఆ లారీ సంగతే ముందు చూద్దాం. అమెరికా రహదారులపై ప్రత్యేక అనుమతి లేకుండా వెళ్లగలిగే బండి వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. అంతకన్నా వెడల్పైన ఇల్లు అనుమతులతో, వెడల్పు మరీ పెరిగితే హెచ్చరిక బళ్లతో వెళ్లాలి. ఫ్లోరిడాతో సహా చాలా రాష్ట్రాల్లో ఎత్తు పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు. ఇప్పుడు లెక్క వేయండి. 504 చదరపు అడుగులంటే ఉదాహరణకు 12 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు ఉన్న పెట్టె. చక్రాల మీద ఉన్నప్పుడు దాని నేల దాదాపు 3 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆపైన 8 అడుగుల గోడ. ఇక మిగిలింది రెండున్నర అడుగులు. కప్పు, దాని దూలాలు, లోకప్పు అన్నీ అందులోనే ఇమడాలి.

అడవి ఇల్లు అనగానే మన కళ్లకు కట్టేది నిటారైన రెండు వాలుల కప్పు. ప్రతి 12 అంగుళాల అడ్డానికి 8 అంగుళాలు లేచే కప్పు కావాలంటే, 12 అడుగుల ఇంట్లో నడికప్పు గోడమీద నుంచి 48 అంగుళాలు పైకి లేస్తుంది. అది వంతెన కింద పట్టదు. 12కి 3 చొప్పున లేస్తే 18 అంగుళాలు. అది పడుతుంది గానీ, దూరం నుంచి చూస్తే చదునుగా, డబ్బాలా ఉంటుంది. ఫ్యాక్టరీ ఇళ్ల బెడద ఇదే. బందులు పెట్టి మడిచి తెచ్చి, అక్కడ విప్పి నిలబెట్టే కప్పులు లేకపోలేదు. అయితే మడత విప్పిన చోట కీలు పొడవునా ఒక అతుకు మిగిలిపోతుంది. ఒక ఇంటికైతే సరే, 350 ఇళ్లకు 350 అతుకులు. ఏటా వాటిని ఎక్కి చూసేవాళ్లెవరు?

వెడల్పు పరిమితి ఇంకో చోట కాటేస్తుంది: చూరు. 12 అడుగుల పెట్టెకు రెండు పక్కలా రెండేసి అడుగుల చూరు పెడితే లారీ మీద సరుకు 16 అడుగులవుతుంది. అందుకే ఫ్యాక్టరీలో చూరు కత్తిరిస్తారు. చూరు పోయిందంటే గోడ తడుస్తుంది. పొడవు విషయంలో ఇంత పట్టింపు లేదు కాబట్టి ఇంటి రెండు కొసల్లో మాత్రం కప్పును ముందుకు జరపొచ్చు. తెలివైన డిజైనర్లు గుమ్మాన్ని, వసారాను ఆ కొసకే పెడతారు. పొడవు గోడలకు చూరు కావాలంటే ఇల్లు దించాక బోల్టులతో బిగించే పందిరి ఒక్కటే దారి. ఆ పందిరి గోడకు ఆనే చోట రేకు మడత పైగోడ పలకల కిందకు దూరాలి. పైనుంచి సీలెంట్ పూసి వదిలేస్తే రెండు మూడు వానాకాలాల్లో అది చిట్లి, నీళ్లు గోడలోకి దిగుతాయి. కారుతున్న సంగతి లోపల మరక కనిపించేదాకా తెలియదు. అప్పటికి గోడ కింది పట్టె మెత్తబడి ఉంటుంది.

డిస్నీలోనే ఫ్యాక్టరీ ఇళ్లకు ఇంకో ఉదాహరణ ఉంది. 1975లో కట్టిన 60 ట్రీహౌస్ విల్లాలను కూలగొట్టి, 2009లో మళ్లీ 60 కట్టారు. అవి నేలకు దాదాపు 10 అడుగుల ఎత్తున ఉంటాయి. చెట్ల మధ్య పనివాళ్లు నెలల తరబడి కట్టే బదులు ఫ్యాక్టరీలో తయారు చేసి క్రేన్‌తో పైకి ఎత్తి పెట్టారు. ఇలాంటి చోట ఫ్యాక్టరీ ఇల్లు ఎంచుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. పక్క ఇళ్లలో అతిథులు నిద్రపోతున్నప్పుడు రంపం చప్పుడు, దుమ్ము, కలప లారీలు ఎన్ని రోజులు భరించాలన్నది అంతకన్నా పెద్ద కారణం.

ఇక తేమ. మధ్య ఫ్లోరిడాలో వేసవి గాలి మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాల్లోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, చాలా రోజులు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అతిథి ఏసీని 21కి తిప్పుతాడు. గోడ లోపలి జిప్సం అట్ట 21 డిగ్రీలకు చల్లబడుతుంది. బయటి గాలి ఏ సందులోంచైనా ఆ అట్ట వెనక్కి చేరితే అక్కడ నీరవుతుంది. చల్లటి సీసా చెమర్చినట్టే, కాకపోతే గోడ లోపల. చలి దేశాల పద్ధతిలో గోడ లోపలి వైపున పాలిథిన్ పట్టా వేసినా, సులువుగా తుడవొచ్చని వినైల్ వాల్‌పేపర్ అంటించినా, ఆ నీరు ఆరే దారి మూసుకుపోతుంది. వాల్‌పేపర్ వెనక గులాబీ, నల్ల మచ్చలు తేలిన హోటళ్ల కథ అంతా ఇదే. ఇలాంటి వాతావరణంలో నీటి ఆవిరిని ఆపే పొర బయటి వైపున ఉండాలి. లోపలి వైపు మామూలు రంగు వేసి, గోడ గదిలోకి ఆరే వీలుంచాలి.

దుంగల వేషంలోనూ తేమదే పేచీ. సగం దుంగల్లాంటి పలకలను గోడకు నేరుగా కొడితే చదునైన వెనక భాగం ఆరదు. పలకకూ వెనక నీటిని ఆపే పొరకూ మధ్య నిలువు పట్టెలు కొట్టి, ముప్పావు అంగుళం సందు వదలాలి. కింద పురుగులు దూరకుండా జాలీ వేసి, పైన గాలి పోయే దారి ఉంచాలి. దుంగ ఎండినకొద్దీ పొడవునా పగుళ్లు వస్తాయి. ఆకాశం వైపు తెరుచుకున్న పగులు గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. కలపలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం పుచ్చు పట్టదు. ఆ పగుళ్ల దగ్గర, కోసిన కొసల దగ్గర, నేలకు దగ్గరగా వాన చిందే చోట ముందుగా దాటేది ఆ గీతే. పలకల అడుగు నేలకు కనీసం 8 అంగుళాల ఎత్తున ఉండాలి. కోసిన ప్రతి కొసకూ బిగించే ముందే రంగు పట్టించాలి. పని తొందరలో ఎగ్గొట్టే మొదటి పని అదే.

ఇవన్నీ సరిగ్గా చేసినా, ఎండా వానా తినే దుంగ పలకకు మూడు నుంచి ఐదేళ్లకోసారి పూత వేయాలి. 350 క్యాబిన్లకు నాలుగేళ్ల వంతు పెట్టుకుంటే ఏటా 88. ఒక్కోటి మూడు రోజులు మూసినా ఏటా 264 రాత్రుల అద్దె పోతుంది. సిమెంటు నార పలకలకు రంగు పదేళ్లకు పైనే ఆగుతుంది, చెదలు తినవు. నున్నటి గోడ ఎక్కడ పుట్టిందో ఈ లెక్కలోనే ఉంది. అలాగని కలప అంతా వదులుకోనక్కర్లేదు. చూరు కింద, వసారా లోకప్పుకు, తలుపుకు, చెయ్యి ఆనే కమ్మీకి నిజమైన కలప పెడితే, వాన తగలని చోట అది చాలా ఏళ్లు బతుకుతుంది. అతిథి ముట్టుకునేదీ అక్కడే. ఆరడుగుల ఎత్తున గోడ దేనితో చేశారో తట్టి చూసేవాళ్లు తక్కువ.

ఏసీ దగ్గర జరిగే తప్పు మరీ విచిత్రం: పెద్దది పెట్టడం. ఆరుగురు పడుకునే గది కదా అని 2 టన్నులు బిగిస్తే, అది అయిదారు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. గాల్లోంచి నీరు తీయాలంటే ఏసీ లోపలి గొట్టాల చుట్ట చల్లబడి, యంత్రం చాలాసేపు నడవాలి. ఆ వ్యవధి దొరకదు. గది చల్లగా, జిగటగా మిగులుతుంది. మంచి ఇన్సులేషన్ ఉన్న 500 చదరపు అడుగుల క్యాబిన్‌కు చాలామటుకు 1 టన్ను, అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే అమెరికా ప్రమాణం), కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. ఒక్కో మనిషి వేడి, చెమట కలిపి గంటకు 450 బీటీయూ అనుకుంటే ఆరుగురికి 2,700. రాత్రంతా ఆరుగురి ఊపిరిలో, చెమటలో గాలిలో కలిసే నీరే సుమారు 2 లీటర్లు. దానికి తోడు కుర్చీల మీద ఆరేసిన ఈత బట్టలు. అందుకే వేగం మార్చుకునే ఇన్వర్టర్ యంత్రం, దాంతోపాటు విడిగా గాల్లోంచి తేమ లాగే చిన్న డీహ్యూమిడిఫయర్ పెట్టి, గది తేమను 60 శాతం లోపు ఉంచాలి. స్నానాల గదిలో కనీసం నిమిషానికి 50 ఘనపుటడుగుల ఫ్యాన్, దీపం ఆర్పాక మరో 20 నిమిషాలు తిరిగేలా టైమర్ ఉండాలి. వసారాలో బట్టలు ఆరేసుకునే కొక్కేలు ఆరు పెట్టడం ఈ మొత్తం జాబితాలో అతి చౌకైన పని. దాన్నే మర్చిపోతుంటారు.

పెద్ద కిటికీ కొత్త క్యాబిన్ల ఆకర్షణ. చెట్ల నీడ ఉన్న చోట అది మంచి మార్పే. పాత చీకటి గదుల్లో పగలు కూడా దీపాలు వేసుకోవాల్సి వచ్చేది. కానీ ఈ వాతావరణంలో గాజు సూర్యుడి వేడిని పావు వంతుకు మించి లోపలికి రానివ్వకూడదు, అంటే 0.25 లోపు అంకె ఉన్న గాజు. ఇంకో సంగతి: ఎదుటి క్యాబిన్ 30 అడుగుల దూరంలో ఉంటే పెద్ద కిటికీకి రోజంతా తెర వేసే ఉంటుంది. అప్పుడు డబ్బు పెట్టి గోడ తీసేసి, గుడ్డ గోడ కట్టుకున్నట్టు. కిటికీ ఎటు చూస్తుందన్నది ఇంటి డిజైన్‌లో కన్నా స్థలంలో ఇల్లు పెట్టే కోణంలో తేలుతుంది. అందుకే ఒకే పెట్టెకు కనీసం కుడి, ఎడమ అద్దం ప్రతులు రెండు చేయించాలి.

లోపల, ఆరుగురికి మంచాలు. పాత క్యాబిన్లలో పడక గదిలో ఒక డబుల్ మంచం, రెండంతస్తుల మంచం, హాల్లో గోడలోంచి దించుకునే మంచం ఉండేవి. కొత్తవాటిలోనూ లెక్క అదే, డబుల్ స్థానంలో క్వీన్ వచ్చింది. ఆ మార్పు వెడల్పులో 6 అంగుళాలే. కానీ 11 అడుగుల గదిలో మంచం పక్క నడిచే దారి 24 అంగుళాల నుంచి 18కి పడిపోవచ్చు. తలుపు తెరిస్తే మంచానికి తగిలే క్యాబిన్లు ఇలాగే పుడతాయి. జారుడు తలుపు పెట్టి తప్పించుకోవచ్చు గానీ దాని మీద గడియ వదులై, సందుల్లోంచి చప్పుడు పోతుంది.

రెండంతస్తుల మంచానికి అమెరికా నిబంధనలు గట్టివి. పై మంచం కమ్మీ పరుపు పైభాగం కన్నా కనీసం 5 అంగుళాలు ఎత్తు ఉండాలి, పిల్లల తల ఇరుక్కునే సందులు మూడున్నర అంగుళాలకు మించకూడదు. ఇక్కడ తప్పు వడ్రంగి చేయడు, కొనుగోళ్ల విభాగం చేస్తుంది. ఐదేళ్ల తర్వాత మందమైన పరుపు మెరుగని కొంటారు, కమ్మీ 5 అంగుళాలు కాస్తా 3 అవుతుంది. పరుపు గరిష్ఠ మందాన్ని మంచం మీదే చెక్కి రాయడం మేలు. గోడ మంచానికి ఆధారం జిప్సం అట్ట కాదు, దాని వెనక చట్రం. 2022లో అమెరికాలో గోడనుంచి ఊడి మనుషుల మీద పడుతున్నాయని లక్షకు పైగా గోడ మంచాలను వెనక్కి పిలిచారు. ఫ్యాక్టరీలో చట్రం కడుతున్నప్పుడే ఆ చోట అడ్డపట్టెలు వేసి, వాటి ఫొటో తీసి దాచుకోవాలి. గోడ మూశాక ఎవరికీ గుర్తుండదు.

వేడి నీళ్ల లెక్క చాలామంది వేయరు. 40 గ్యాలన్ల ట్యాంకులో వాడుకోదగ్గవి 28 దాకా. నిమిషానికి 2 గ్యాలన్ల షవర్‌లో 8 నిమిషాల స్నానానికి ట్యాంకు నీళ్లు 10, 11 గ్యాలన్లు పోతాయి. 4,500 వాట్ల కాయిల్ మధ్యలో కొంత వేడి చేసినా నాలుగో మనిషి దగ్గర కథ ముగుస్తుంది. ఐదో మనిషి సబ్బు రాసుకుని అరుస్తాడు. పెద్ద ట్యాంకుకు చోటు లేకపోతే, నీళ్లను 60 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, బయటికి వచ్చే దారిలో చన్నీళ్లు కలిపే వాల్వుతో 49కి తగ్గించాలి. అదే ట్యాంకు ఎక్కువ మందికి అందుతుంది. బళ్లు నిలుపుకునే చోట ఉన్న పాత స్తంభం నుంచి వచ్చే కరెంటు 50 ఆంపియర్లే అయితే 240 వోల్టుల దగ్గర మొత్తం 12,000 వాట్లు. పొయ్యి, కాయిల్, ఏసీ కాగితం మీద కూడితే దాటిపోతాయి. అన్నీ ఒకేసారి పూర్తిగా నడవవు కాబట్టి నిబంధనల్లో తగ్గింపు ఉంటుంది. అయినా వంటా స్నానాలూ కలిసే సాయంత్రం ఆరు గంటల వేళ లెక్క విడిగా చూసుకోవాలి.

ఓర్లాండో వెళ్లే తెలుగు కుటుంబాలు క్యాబిన్ ఎంచుకోవడానికి పెద్ద కారణం అందులోని పూర్తి వంటిల్లు. పోపు వేసేవాళ్లకు తెలిసిందే: పొగను వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీ అయితే ఇంగువ, ఎండుమిర్చి ఘాటు గోడ మంచం పరుపులో చేరి, తర్వాతి అతిథికి స్వాగతం పలుకుతుంది. గోడలోంచి బయటికి గొట్టం పెట్టి, నిమిషానికి 100 ఘనపుటడుగులైనా లాగే చిమ్నీ కావాలి. పొగ హెచ్చరిక యంత్రాన్ని పొయ్యికి 10 అడుగుల దూరంలో, ఆవిరికి కాక పొగకు స్పందించే రకంలో ఎంచాలి. లేదంటే అతిథి మొదటి రోజే దానికి టవల్ చుట్టేస్తాడు.

చీపురు లెక్క చిన్నదే గానీ కరుకైనది. లోపలి గోడలకూ దుంగ పలకలు వేస్తే ప్రతి గాడీ దుమ్ము అరే. గదికి 5 నిమిషాలు అదనం అనుకోండి. 350 గదులు ఒకే రోజు మారితే 1,750 నిమిషాలు, అంటే 29 గంటలు. దాదాపు నలుగురు మనుషుల రోజు పని. కుక్కలను రానిచ్చే క్యాబిన్లలో ఇది ఇంకా పెరుగుతుంది. నేలకు వేసే వినైల్ పలకలు నీటికి చెడవు, కానీ చుట్టూ పావు అంగుళం సందు వదలకుండా వాటి మీదే వంటింటి బీరువాలు బిగిస్తే, ఎండకు వ్యాకోచించి గది మధ్యలో ఉబ్బుతాయి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం అమెరికా వికలాంగుల చట్టం ప్రకారం 301 నుంచి 400 గదులున్న హోటల్‌కు 12 గదులు, వాటిలో 4 నేరుగా కుర్చీతో లోపలికి వెళ్లే షవర్‌తో ఉండాలి. చక్రాల ఇంటికి ఇది ఎందుకు కష్టమంటే, నేల 30 అంగుళాల ఎత్తున ఉంటే, 12కి 1 చొప్పున వాలు 30 అడుగుల పొడవు కావాలి. పైనా కిందా అయిదేసి అడుగుల చదును కలిపితే 40. చెట్ల మధ్య 40 అడుగులు ఎక్కడ దొరుకుతాయి? పెట్టెను పల్లంలో కాకుండా మెట్ట వైపు నుంచి చేరేలా తిప్పితే వాలు సగమవుతుంది. ఈ 12 స్థలాలను ముందు ఎంచుకుని మిగతావి తర్వాత అమర్చడం సరైన వరస. చివరికి మిగిలిన చోట్ల వాటిని పెడితే వాలు పాములా మెలికలు తిరుగుతుంది.

స్థలం దగ్గర మిగిలిన పని దిమ్మెలు, లంగర్లు. ఫ్లోరిడాను దెబ్బతీసిన ఆండ్రూ తుపాను తర్వాత 1994లో ఫ్యాక్టరీ ఇళ్ల గాలి నిబంధనలు బిగించారు. ఓర్లాండో ప్రాంతం రెండో గాలి మండలంలో పడుతుంది, అక్కడ ఇల్లు గంటకు 100 మైళ్ల గాలికి తట్టుకునేలా కట్టాలి. ఇసుక నేలలో దిమ్మె కుంగితే మొదట తెలిపేది తలుపు. ఒక మూల రాసుకుంటుంది. తలుపు అంచు చెక్కేసే బదులు ఇంటి కింద దూరి దిమ్మెలు సమమట్టంగా ఉన్నాయో లేదో చూడాలి. ఇంటి కింద నేల మీద 6 మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) పాలిథిన్ పట్టా పరిచి, దాని కింద నీళ్లు నిలవకుండా ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో బయటికి 6 అంగుళాల వాలు ఇవ్వాలి. చెట్టు వేళ్ల మీదుగా బరువైన పెట్టె లాగితే చెట్టు వెంటనే చావదు. రెండు మూడేళ్లకు కొమ్మ ఎండి, కప్పు మీద పడుతుంది.

మన వైపు అరకు దారిలోని టైడాలోనూ, మారేడుమిల్లిలోనూ అడవి విడుదులున్నాయి. అక్కడ ఇల్లు లారీ మీద రాదు గనక చూరును మూడడుగులు జరుపుకోవచ్చు. ఆ వెసులుబాటు వదులుకుని ఫొటోల్లోని విదేశీ డబ్బాను కాపీ కొట్టడం తెలివితక్కువ. వెదురు వాడితే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెడతారు. ఆ మందు వానకు కరిగి పోతుంది కాబట్టి వెదురు చూరు కిందే ఉండాలి. చెదల నివారణకు భారత ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం పునాది మట్టికి మందు పట్టించాకే పైన కలప. తర్వాత తోటకోసం తవ్వి ఆ మట్టిని కదిలిస్తే రక్షణ పోయినట్టే.

అన్నిటికన్నా ముందు మొదటి పెట్టెను ఒక్కదాన్నే తెప్పించి, ఒక వానాకాలమంతా వాడి చూడాలి. పైపుతో గోడమీద పావుగంట నీళ్లు కొట్టాలి. ఆరుగురిని నిజంగా పడుకోబెట్టాలి, వరసగా ఆరు స్నానాలు చేయించాలి, పోపు వేయించాలి. చక్రాల కుర్చీని గుమ్మం నుంచి మంచం దాకా తీసుకెళ్లి, అక్కడ 5 అడుగుల గుండ్రంలో తిప్పి చూడాలి. గది శుభ్రం చేసే మనిషి చేతికి గడియారం ఇచ్చి, ఏ మూల విసుగొచ్చిందో అడగాలి. మూడు నెలల తర్వాత ఉత్తరపు గోడకు చేతి వెడల్పు రంధ్రం కోసి, అట్ట వెనక వేలు పెట్టి చూడాలి. అది పొడిగా ఉంటే మిగతావి ఆర్డర్ ఇవ్వొచ్చు.